బండిని వెనక్కి పిలిచే హక్కు ఇలా వచ్చింది

2022 ఏప్రిల్ 23 తెల్లవారుజామున విజయవాడ సూర్యారావుపేటలోని ఓ ఇంట్లో, పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలింది. నలభై ఏళ్ల ఇంటాయన చనిపోయాడు. భార్యకు ఒళ్లు కాలింది, పిల్లలకూ గాయాలయ్యాయి. బండి కొని ఒక్కరోజే అయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అదే వారంలో నిజామాబాద్‌లోనూ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన ప్రాణం పోయింది.

అమ్మేసిన బండిలో లోపం ఉందని తేలితే, అలాంటి బండ్లన్నింటినీ వెతికి పట్టుకుని బాగు చేయాల్సింది ఎవరు? తయారు చేసినవాడే అని ఇప్పుడు ఎవరైనా చెప్తారు. ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

కథ అమెరికాలో మొదలైంది. ప్రమాదం జరిగితే తప్పు డ్రైవరుదేనని అక్కడి కార్ల కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. తమ కారులో లోపం ఉందని తెలిసినా బయటికి చెప్పేవి కావు. బండి సర్వీసుకు వస్తే గుట్టుగా బాగు చేసి పంపేవి, రానివాళ్ల సంగతి పట్టించుకునేవి కావు. 1965లో రాల్ఫ్ నాడెర్ అనే యువ లాయరు 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' పుస్తకంలో ఈ వ్యవహారాన్ని బయటపెట్టాడు. జనరల్ మోటార్స్ ఆయన వెనక డిటెక్టివులను పెట్టింది. ఆ సంగతి కాస్తా రట్టయి, 1966 మార్చిలో కంపెనీ అధ్యక్షుడే సెనేట్ ముందుకొచ్చి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సెప్టెంబరులోనే వాహన భద్రతా చట్టం వచ్చింది. అయితే లోపం ఉన్నట్టు కొన్నవాళ్లకు తెలియజేయాలని మాత్రమే ఆ చట్టం కంపెనీలను ఆదేశించింది. బాగుచేత ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలన్న నిబంధన 1974లో గానీ రాలేదు. ఉత్తరం రాసి చేతులు దులుపుకునే వీలు అన్నాళ్లూ ఉందన్నమాట.

అక్కడ మోటర్‌హోమ్ కొన్నవాళ్లకు ఇంకో చిక్కు ఎదురైంది. చక్రాల మీద ఇల్లు లాంటి ఆ బండిలో ఇంజన్, ఛాసిస్ ఒక కంపెనీవి, పైన ఇల్లు కట్టేది మరొక కంపెనీ, లోపలి ఫ్రిజ్ మూడో కంపెనీది. 2006లో డొమెటిక్ సంస్థ తొమ్మిది లక్షలకు పైగా ఫ్రిజ్‌లను రీకాల్ చేసింది, అంటే బాగుచేయడానికి వెనక్కి పిలిచింది. గ్యాస్‌తోనూ నడిచే ఆ ఫ్రిజ్‌ల వెనక ఉండే బాయిలర్ గొట్టానికి పగుళ్లొచ్చి, లోపలి ద్రావణం బయటికి లీకై మంటలు లేచే ప్రమాదం ఉండటమే కారణం. బండి ఛాసిస్ నంబరు ఒక్కటే చూసుకుని అంతా బాగానే ఉందనుకున్న యజమానికి ఈ సంగతి తెలిసే దారే లేదు. ఛాసిస్ నంబరు, పై ఇంటి నంబరు, ఫ్రిజ్ నంబరు, ఈ మూడూ విడివిడిగా చూసుకోవాలి. వేసవి సెలవులకు అలాంటి బండి అద్దెకు తీసుకునే అమెరికా తెలుగువాళ్లు కూడా, ఈ మూడింటి మీద రీకాల్ పనులు పూర్తయ్యాయా అని తాళాలు తీసుకునే ముందే అడగాలి.

మన దేశంలో రీకాల్ చాలాకాలం కంపెనీల మంచితనం మీదే నడిచింది. 2010 ఫిబ్రవరిలో మారుతి ఇంధనం లీకయ్యే లోపం ఉందని లక్ష ఎ-స్టార్ కార్లను పిలిపించింది. అదే ఏడాది నానో కార్లు కొన్ని కాలిపోయినప్పుడు టాటా మోటార్స్ అదనపు రక్షణ భాగాలను ఉచితంగా అమర్చింది గానీ, ఇది రీకాల్ కాదని నొక్కి చెప్పింది. 2012లో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద నియమావళి తెచ్చింది. పాటించకపోతే అడిగేవాడు లేడు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్ చేరాకే రీకాల్‌కు ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. ఏడేళ్ల లోపు బండ్లకు ఇవి వర్తిస్తాయి. మాట వినని కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడుతుంది.

నిబంధనలు వచ్చిన ఏడాదికే 2022 వేసవి వచ్చిపడింది. ఏప్రిల్ 16న ఒకినావా 3,215 స్కూటర్లను, 21న హైదరాబాద్‌కు చెందిన ప్యూర్ ఈవీ 2,000 బండ్లను, 24న ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలిచాయి. నిర్లక్ష్యం రుజువైతే భారీ జరిమానా వేసి, లోపమున్న బండ్లన్నీ రీకాల్ చేయిస్తామని కేంద్ర మంత్రి గడ్కరీ 21న హెచ్చరించారు. సూర్యారావుపేట ప్రమాదం ఆ తర్వాత రెండు రోజులకే జరిగింది.

బ్యాటరీల పరీక్షలను సరిదిద్దడానికి కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి హైదరాబాద్‌ ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ సంచాలకులు టాటా నరసింగరావు అధ్యక్షత వహించారు. కమిటీ సిఫార్సులతో ఏఐఎస్-156 ప్రమాణానికి సవరణలు వచ్చి, 2022 డిసెంబరు 1న ఒక విడత, 2023 మార్చి 31న రెండో విడత అమలయ్యాయి. ఛార్జింగ్ నిండగానే దానంతట అదే ఆగిపోవాలి. లోపల ఒక సెల్ వేడెక్కి అదుపు తప్పుతుంటే శబ్దంతో, లైటుతో ముందే హెచ్చరించాలి. సెల్ తయారైన నెల, సంవత్సరం కనబడాలి. ఇప్పుడు కొత్తగా రిజిస్ట్రేషన్ అయ్యే ఎలక్ట్రిక్ స్కూటరు కొంటున్న మనిషికి ఈ రక్షణ ఉంది.

చట్టం చేయి చాచినా అందనివి రెండున్నాయి. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల లోపు మోటారు ఉన్న స్కూటర్లకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు. వాటి యజమాని ఎవరో రవాణా శాఖ రికార్డుల్లో ఉండదు. ఇక రెండోది, రాత్రయ్యేసరికి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, విశాఖ వెళ్లే జనం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కే స్లీపర్ బస్సు. దాని ఛాసిస్ ఒక పెద్ద కంపెనీది, పైన బాడీ చాలాసార్లు మరొకరిది. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయిన బస్సులో 19 మంది ప్రయాణికులు చనిపోయారు. సీట్ల బస్సునే స్లీపర్‌గా మార్చారని వార్తలొచ్చాయి. అమ్మకం అయ్యాక చేసిన మార్పును ఛాసిస్ కంపెనీ రీకాల్ చేయదు. ఆటోనగర్‌లో బాడీ కట్టించినా, ఇంకెక్కడ మార్పించినా, ఆ పనికి జవాబుదారీ పేరు కాగితం మీద ఉండేలా చూసుకోవాల్సింది బస్సు యజమానే. నా దృష్టిలో ఇది మన చట్టంలో మిగిలిన అతిపెద్ద కంత.

మామూలు బండి యజమాని చేయాల్సింది ఛాసిస్ నంబరు దగ్గర మొదలవుతుంది. ఆర్సీలో ఉంటుంది, బండి మీదా కొట్టి ఉంటుంది. మట్టి పట్టి చదవడానికి రాకపోతే గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే అంకెలు తేలతాయి. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. ఐ, ఓ, క్యూ అందులో వాడరు కాబట్టి గుండ్రంగా కనబడేది సున్నాయే. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడాలి, లేదా షోరూమ్‌లో చూపించమనాలి. రీకాల్ పనికి డబ్బులివ్వక్కర్లేదు. చేయించాక ఏ భాగం మార్చారో జాబ్ కార్డులో రాయించుకోవాలి. మీకే లోపం కనబడితే ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో రీకాల్ ఫిర్యాదు పెట్టే ఏర్పాటుంది. ఒక్కరు పెడితే ఏమవుతుందని ఊరుకోవద్దు, ఫిర్యాదుల సంఖ్య చూసే ప్రభుత్వం కదులుతుంది.

బ్యాటరీ సంగతి రీకాల్ దాకా ఆగేది కాదు. పడకగదిలో, మెట్ల కింద, బయటికెళ్లే గుమ్మం దగ్గర ఛార్జింగ్ పెట్టొద్దు. నిద్రపోయే వేళ అసలే వద్దు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీ చల్లారాకే, కంపెనీ ఇచ్చిన ఛార్జరుతోనే పెట్టాలి. ఉబ్బినా, వాసన వచ్చినా, నీళ్లలో మునిగినా ఇక దాన్ని ఛార్జ్ చేయకూడదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో సెల్లార్‌లోని ఎలక్ట్రిక్ బండ్ల షోరూమ్‌లో రేగిన మంటల పొగకు పై లాడ్జిలోని 8 మంది బలయ్యారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్లు పెట్టించే సంఘాలు దాన్ని గుర్తుంచుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఇంకో పనుంది. రీకాల్ కబురు రికార్డుల్లో ఉన్న పేరుకు, ఆ ఫోన్ నంబరుకే వెళ్తుంది. మన దగ్గర బండి మూడు చేతులు మారినా ఆర్సీ మొదటాయన పేరునే ఉండిపోవడం మామూలే. ఆయనకు మెసేజ్ వస్తే ఎప్పుడో అమ్మేశాను కదా అని తీసిపారేస్తాడు. ఫారం 29, ఫారం 30 నింపి, చట్టం చెప్పిన 30 రోజుల్లో బండి మీ పేరు మీదకు మార్పించుకుని, మీ సొంత ఫోన్ నంబరే వాహన్‌లో ఎక్కించండి. ఏజెంటు నంబరు ఎక్కితే కబురు ఏజెంటుకే పోతుంది.