వంగిన కొయ్య

నేను పనిచేసిన బడిలో, ఉపాధ్యాయుల గదిలో ఒక పాత కుర్చీ ఉండేది. వెనుక కాళ్లూ, వీపు ఆనే వంపూ ఒకే కర్ర. ఎక్కడా అతుకు లేదు. ఏళ్ల తరబడి దానిమీద కూర్చుని పిల్లల సంధులూ సమాసాలూ దిద్దానే గాని, కొయ్యను అలా ఎవరు వంచారన్న ఆలోచన నాకు రాలేదు. పదవీ విరమణ తరువాత తీరికగా చదివితే తెలిసింది, ఆ విద్యను పరిశ్రమగా మార్చినవాడు మైకేల్ టోనెట్ అని.

1796లో రైన్ నదీతీరాన బొప్పార్డ్‌లో పుట్టిన వడ్రంగి ఆయన. పలుచని చెక్క పొరలను జిగురులో ఉడికించి, అచ్చులో వంచి కుర్చీలు చేసేవాడు. అప్పులపాలై, ఆస్తి పోగొట్టుకొని, ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ ప్రోత్సాహంతో 1842లో వియన్నా చేరాడు. అక్కడా జిగురే శత్రువైంది. ఓడలెక్కి తేమ దేశాలకు వెళ్లిన కుర్చీల పొరలు విడిపోయేవి. ఇక నిండు కర్రనే వంచాలి.

చిక్కంతా ఇక్కడే. వంచినప్పుడు కర్ర లోపలి అంచు నొక్కుకుపోతుంది, వెలుపలి అంచు సాగుతుంది. ఆవిరి పట్టిన బీచ్ కర్ర నొక్కుడును ఓర్చుకుంటుంది గాని, సాగదీస్తే చీలిపోతుంది. టోనెట్ వెలుపలి వైపున ఉక్కు పట్టీ వేసి, రెండు కొసలూ బిగించాడు. ఇక ఆ అంచుకు సాగే వీలు లేదు. కర్ర అంతా లోపలికి నొక్కుకోవలసిందే. అచ్చులో ఉండగానే ఆరబెట్టేవారు. ఇంత చిన్న ఉపాయానికి ఎన్నేళ్లు పట్టింది! 1856లో దీనిపై ఆయనకు ప్రత్యేక హక్కు లభించింది.

1859 నాటి 14వ నంబరు కుర్చీకి ఆరు కర్ర ముక్కలు, పది మరలు, రెండు నట్లు చాలు. విప్పిన కుర్చీలు 36 ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. అందరూ వంపుల సొగసును పొగడుతారు. నాకు ఆ పెట్టె ఇంకా గొప్పదనిపిస్తుంది. 1930 నాటికి 5 కోట్ల కుర్చీలు అమ్ముడుపోయాయట.

అయితే మొరావియా బీచ్ అడవుల నడుమ వెలసిన ఆ కర్మాగారాల్లో ఒకరు కర్ర వంచేవారు, ఒకరు నునుపు చేసేవారు, స్త్రీలు పేము అల్లేవారు. కుర్చీ మొత్తం నా చేతిపని అనగలవాడు అక్కడ లేడు. ఆ ఏర్పాటు చేసినవాడూ వడ్రంగే కావడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

మా బడి కుర్చీ వియన్నా సరుకని నేననను. పద్ధతి మాత్రం అదే. పేము తెగినప్పుడు ప్లాస్టిక్ వైరు అల్లించాము. మొన్న వెళ్లినప్పుడు తలకిందులు చేసి చూశాను. ఒక మర ఊడిపోయిన చోట ఎవరో మేకు కొట్టారు.