స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ ఆరోగ్యం

స్మార్ట్‌ఫోన్‌లోని లిథియం అయాన్ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యంతో పోలిస్తే ప్రస్తుత సామర్థ్యం ఎంతో తెలిపే శాతాన్ని బ్యాటరీ ఆరోగ్యం అంటారు. ఉదాహరణకు 4000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీ సామర్థ్యం 3400కు తగ్గితే దాని ఆరోగ్యం 85%.

లెక్కించే విధానం

ఈ శాతం నేరుగా కొలిచినది కాదు, అంచనా మాత్రమే. ఫోనులోని ఒక చిప్ బ్యాటరీలోకి వచ్చే, బయటికి పోయే విద్యుత్ప్రవాహాన్ని లెక్కగట్టి, దానిని వోల్టేజి, ఉష్ణోగ్రతలతో సరిచూస్తుంది. కొలతలోని చిన్న దోషాలు క్రమంగా పోగవుతాయి. ఎప్పుడూ కొద్దికొద్దిగానే ఛార్జి చేస్తూ ఉంటే సరిచూసే అవకాశం తగ్గి, అంచనా వాస్తవానికి దూరమవుతుంది.

ఖచ్చితత్వం

ఆపిల్ సంస్థ 2018లో ఐఓఎస్ 11.3 ద్వారా ఈ సూచికను ఐఫోన్లలో ప్రవేశపెట్టింది. కొన్ని ఐఫోన్ 11 శ్రేణి ఫోన్లలో అంచనా తప్పుగా ఉండడంతో 2021లో ఐఓఎస్ 14.5 ద్వారా దానిని సరిచేసే ఏర్పాటు చేసింది. ఇందుకు కొన్ని వారాలు పట్టవచ్చునని తెలిపింది.

కనుక ఒకనాడు కనిపించిన శాతాన్ని బట్టి బ్యాటరీ మార్చవలసిన పని లేదు. కొన్ని నెలలలో శాతం ఎంత తగ్గినదీ, ఛార్జి ఎంతసేపు నిలుస్తున్నదీ, ఎన్నిసార్లు పూర్తి ఛార్జి అయినదీ కలిపి చూడాలి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం, శాతం ఎంత ఉన్నా, వాడకం వెంటనే ఆపివేయాలి.