జేబులో పిస్టల్: 1878 ఆయుధ చట్టం నుంచి నేటి నిబంధనల దాకా

ఆయుధ చట్టం అనగానే చాలామంది నోట్స్‌లో ఒకే లైన్ ఉంటుంది: 1878, లిట్టన్, భారతీయుల నిరాయుధీకరణ. ప్రిలిమ్స్‌కు ఇది చాలు. కానీ 1931 కరాచీ తీర్మానంలో చోటు దక్కిన ఆయుధ హక్కు, రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల్లోకి ఎందుకు రాలేదని మెయిన్స్‌లో అడిగితే ఆ ఒక్క లైన్‌తో పని జరగదు. ఈ ప్రశ్నను జేబులో పట్టే చిన్న పిస్టల్ వెంట నడుస్తూ చూస్తే తేలికగా అర్థమవుతుంది.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వానికి పట్టుకున్న భయం 1878లో పూర్తి స్థాయి చట్టమైంది. భారతీయుడు లైసెన్స్ లేకుండా తుపాకి ఉంచుకోకూడదు. యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు మాత్రం మినహాయింపు. అదే ఏడాది వచ్చిన ప్రాంతీయ భాషా పత్రికల చట్టాన్ని రిప్పన్ తొలగించాడు గానీ ఆయుధ చట్టం జోలికి పోలేదు. ఉదారవాదిగా మనం చదువుకునే వైస్రాయ్ కూడా కలానికి ఇచ్చిన సడలింపు తుపాకికి ఇవ్వలేదు. ఈ పోలిక జవాబులో రాయదగ్గది. తొలినాళ్ల కాంగ్రెస్ కూడా ఈ చట్టాన్ని సడలించమని తీర్మానాలు చేసింది. అహింసావాది గాంధీ సైతం 1918లో ఖేడాలో సైనికుల్ని చేర్పించేటప్పుడు, బ్రిటిష్ పాలన చేసిన చెడ్డపనుల్లో చరిత్ర దీన్నే అన్నిటికంటే నల్లగా చూస్తుందని కరపత్రంలో రాశారు. ఆయన బాధ తుపాకి లేదని కాదు, ఒక జాతి మొత్తాన్నీ నమ్మదగనిదిగా ముద్ర వేశారని.

చట్టం వల్ల ఆయుధాలు మాయం కాలేదు, అవి దొరికే చోటు మారింది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్టళ్లు, 46,000 తూటాలు విప్లవకారుల చేతికి చేరాయి. రౌలట్ కమిటీ నివేదిక ఈ చోరీని ప్రత్యేకంగా ప్రస్తావించింది. అంటే 1919 రౌలట్ చట్టం వెనక ఈ పిస్టళ్ల నీడ కూడా ఉంది. మన దగ్గర అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసిందీ తుపాకుల కోసమే. మన్యంలో అవి ఉన్నది అక్కడే మరి.

మౌజర్ గట్టి ఆయుధమే, కానీ దాచడం కష్టం. పొడవు దాదాపు అడుగు, బరువు కిలో దాటుతుంది. దాని చెక్క ఒరను వెనక తగిలిస్తే చిన్న రైఫిల్‌లా భుజానికి ఆనించుకోవచ్చు. కాకోరీలో (1925) వాడినవి ఈ రకమే. పోలీసు నిఘా ఉన్న నగరంలో రోజూ వెంట పెట్టుకు తిరగడం వేరే సంగతి. 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్ ఆల్‌ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో ఉన్నది .32 కోల్ట్. 1903లో వచ్చిన ఆ నమూనాను జేబు కోసమే తయారుచేశారు. బరువు ముప్పావు కిలో లోపే, బట్టలకు చిక్కుకోకుండా సుత్తిని లోపలే అమర్చారు. ఇప్పుడది అలహాబాద్ మ్యూజియంలో ఉంది.

ఈ .32 అనే అంకె దగ్గర కాస్త ఆగాలి. సైన్యం వాడే తూటా పౌరుడి తుపాకిలో పట్టకూడదన్నది బ్రిటిష్ వారి లెక్క. సైనిక గిడ్డంగి నుంచి దొంగిలించిన తూటా బయట పనికిరాకుండా చేయడమే ఉద్దేశం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో .450 బోర్‌ను భారతదేశంలో నిషేధిస్తే, ఏనుగుల వేటకు వెళ్లే దొరల కోసం ఇంగ్లండ్ తయారీదారులు .470 లాంటి కొత్త కొలతలు కనిపెట్టారు! స్వతంత్ర భారతం ఆ తర్కాన్ని అలాగే ఉంచుకుంది. .303 రైఫిల్, 9 ఎం.ఎం. పిస్టల్ నేటికీ నిషిద్ధ బోర్లే. లైసెన్స్ ఉన్న మామూలు పౌరుడికి దొరికే హ్యాండ్‌గన్లలో ప్రధానమైనది .32. (ఆజాద్ పిస్టల్ తూటా, నేటి రివాల్వర్ తూటా ఒకటి కావు. అంకె మాత్రమే ఒకటి.)

ఆజాద్ మరణించిన నెల రోజులకు కరాచీ కాంగ్రెస్, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును పౌరహక్కుల జాబితాలో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్నే సవరణగా తెచ్చారు. ప్రతివాడూ బజారుకెళ్లి ఆయుధాలు కొనుక్కోగలిగితే ప్రభుత్వం నడవడం ఎలా అని అంబేద్కర్ కాదన్నారు. విభజన హింస జరిగి అప్పటికి ఏడాది దాటిందంతే. ఆ నేపథ్యంలో అంబేద్కర్ వైపే న్యాయం ఉందని నా అభిప్రాయం. చివరికి 19(1)(బి) అధికరణ ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కునిచ్చింది. మతస్వేచ్ఛలో భాగంగా సిక్కుల కృపాణం మాత్రం 25వ అధికరణ వివరణలో నిలిచింది. కొడగులో కొడవలకూ, జమ్మా భూముల హక్కుదారులకూ బ్రిటిష్ కాలం నాటి లైసెన్స్ మినహాయింపు ఇంకా కొనసాగుతోంది.

1959 చట్టం జాతి వివక్ష లేకుండా లైసెన్స్ పద్ధతిని ఉంచింది. 2019 సవరణ ఒకరి దగ్గర ఉండగల తుపాకుల్ని మూడు నుంచి రెండుకు తగ్గించింది, పెళ్లిళ్లలో సంబరంగా కాల్చేవారికి రెండేళ్ల వరకు జైలు పెట్టింది. వెంట తీసుకెళ్లే పద్ధతి 2016 నిబంధనల్లో ఉంది: బహిరంగ ప్రదేశంలో హ్యాండ్‌గన్ ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లోనో, బ్యాగులోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. అమెరికాలో తుపాకిని దాచుకు తిరగడానికి చాలా రాష్ట్రాలు చాలాకాలం ప్రత్యేక అనుమతి అడిగాయి. ఇక్కడ లైసెన్స్ వచ్చాక దాచడం హక్కు కాదు, బాధ్యత. తుపాకి చూపించి ఊళ్లో పెత్తనం చేసే అలవాటు తెలిసిన దేశంలో ఈ నిబంధన సబబే.

చేతికి రావడం మాత్రం వేరే కథ. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని 1959 చట్టంలోని 14వ సెక్షన్ చెబుతుంది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ అనే .32 రివాల్వర్‌ను తెచ్చింది. హ్యాండ్‌బ్యాగులో పట్టేలా అర కిలో బరువు. అప్పటి ధర లక్షా ఇరవై వేల రూపాయల పైనే. రాత్రి షిఫ్టు ముగించుకుని బస్సు కోసం నిలబడే ఉద్యోగినికి ఆ సెక్షన్ లైసెన్స్ దాకా దారి చూపగలదు, రివాల్వర్ దాకా కాదు.