కుందేలు పెంటికల ఎరువు

పెంపుడు కుందేళ్లు వేసే గట్టి, గుండ్రటి పెంటికలను కుండీలకు, పెరటి మొక్కలకు, మిద్దె తోటలకు ఎరువుగా వాడతారు. పచ్చి కోళ్ల పెంట తగిలితే మొక్క మాడిపోతుంది. పచ్చి పేడను కూడా మాగబెట్టాకే వేస్తాం. కుందేలు పెంటికలను మాత్రం నేరుగా మొదట్లో వేసినా వేళ్లకు వేడి తగలదు. దీనికి పేరొచ్చింది ఈ గుణం వల్లే. అయితే ‘మాగబెట్టక్కర్లేదు’ అన్న మాట మొక్కకు సంబంధించింది. ఆ మొక్క ఆకును పచ్చిగా తినే మనిషికి అది వర్తించదు. చాలామంది పొరపడేది ఇక్కడే.

తెలుగులో రెండు వేర్వేరు జంతువులను కుందేలనే అంటాం. చేలగట్ల మీద, చిట్టడవుల్లో కనిపించే చెవులపిల్లి మన నేలది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, వేటాడటం నేరం. గూళ్లలో పెంచుకునేవి ఐరోపా కుందేలు సంతతి: న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్, వైట్ జెయింట్ వంటి జాతులు. కొడైకెనాల్ దగ్గరి మన్నవనూరులో ఉన్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో మాంసం కోసం ఇలాంటి జాతులను పెంచుతారు. ఎరువు గురించి ఇక్కడ చెప్పేదంతా ఈ పెంపుడు జాతులకు సంబంధించిందే.

రెండుసార్లు అరిగిన మేత

ఆరిన పెంటికను వేళ్ల మధ్య నలిపితే లోపల సన్నగా తరిగిన గడ్డి పొట్టులాంటిది బయటపడుతుంది. దుర్వాసన ఉండదు, ఎండు గడ్డి వాసన వస్తుంది. చేతికి అంటుకోదు. బఠానీ గింజంత ఉండే ఈ ముద్ద ఇంత శుభ్రంగా ఎందుకుంటుందో తెలియాలంటే కుందేలు పేగుల దాకా వెళ్లాలి.

కుందేలు రెండు రకాల మలం వేస్తుంది. అది తిన్న మేతలోని మెత్తటి భాగాన్ని, రసాన్ని పెద్దపేగు వెనక్కి నెట్టి అంధనాళం అనే పెద్ద సంచిలోకి పంపుతుంది. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. అలా పులిసినది జిగురు పొరతో, ద్రాక్షగుత్తిలా మెత్తగా బయటికి వస్తుంది. కుందేలు దాన్ని నేల మీద పడనివ్వదు, వచ్చింది వచ్చినట్టే నోటితో అందుకుని మింగేస్తుంది. సూక్ష్మజీవులు తయారు చేసిన మాంసకృత్తులు, బి విటమిన్లు ఇలా దాని ఒంటికి దక్కుతాయి. 1882లోనే మోరో అనే ఫ్రెంచి పశువైద్యుడు ఈ అలవాటును వివరంగా రాశాడు. ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో జరుగుతుంది కాబట్టి కుందేళ్లు పెంచేవాళ్లలో కూడా దీన్ని చూసినవాళ్లు తక్కువ. మనం ఊడ్చి ఎత్తేది రెండో రకం, అరగని ముతక పీచుతో గట్టిపడిన పెంటికలు.

ఇక వేడి సంగతి. కోడికి మలమూత్రాలు ఒకే దారిన వస్తాయి. అందులోని యూరిక్ ఆమ్లం త్వరగా అమ్మోనియాగా మారి వేళ్లను కాలుస్తుంది. కుందేలుకు ఆ రెండూ వేరువేరు దారులు. జాలీ నేల ఉన్న గూట్లో మూత్రం కిందికి కారిపోతుంది. పెంటికలో మిగిలిన నత్రజని ఎక్కువగా పీచులో, సూక్ష్మజీవుల శరీరాల్లో ఇరుక్కుని ఉండి, మట్టిలో మెల్లగా విడుదలవుతుంది. అందుకే మూత్రంలో నానిన పెంటికలకు ఈ చలవ గుణం ఉండదు. గూడు కింద తడిసి ఘాటు వాసన కొడుతున్న వాటిని లేత మొక్కకు వేస్తే అది మాడక తప్పదు.

బలం ఎంత?

కుందేలు పెంటికల్లో నత్రజని సుమారు 2 శాతం పైన, భాస్వరం 1.4 శాతం, పొటాష్ 0.6 శాతం ఉంటాయని సాధారణంగా లెక్క కడతారు. మేతను బట్టి, తేమను బట్టి ఈ అంకెలు మారతాయి. మన వ్యవసాయ పుస్తకాల్లో పశువుల ఎరువుకు ఇచ్చే నత్రజని 0.5 శాతం. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి ‘పేడకు నాలుగింతల బలం’ అని చెప్పడం మామూలైంది. అందులో కొంత నీటి మహిమ ఉంది. పచ్చి పేడలో దాదాపు 80 శాతం నీరే, పెంటిక పొడిగా ఉంటుంది. అదీగాక అవే పుస్తకాలు గొర్రె, మేక ఎరువుకు 3 శాతం నత్రజని రాస్తాయి. పొలంలో మందలు కట్టించుకునే మన రైతుకు పెంటిక విలువ కొత్తగా చెప్పాల్సింది కాదు. ఇంట్లో పెంచుకోవడానికి మేకకంటే కుందేలు వీలు, దీనికున్న అసలు మేలు అదే.

పొటాష్ తక్కువ కాబట్టి ఒక్క ఈ ఎరువు మీదే ఆధారపడితే టమాటా, వంగ ఆకులతో గుబురుగా పెరిగి కాపు దగ్గర వెనకబడవచ్చు. కొద్దిగా కట్టెల బూడిద కలిపితే లోటు తీరుతుంది. చౌడు నేలల్లో మాత్రం బూడిద జోలికి పోకూడదు.

వేసే తీరు

కుండీలోకి మట్టి కలిపేటప్పుడు అయిదారు పాళ్లకు ఒక పాలు పెంటికలు చాలు. పెరిగిన మొక్కకు గుప్పెడు వేసి, పైన మట్టి కప్పి నీళ్లు పోయాలి. కప్పడం ముఖ్యం. మే నెల ఎండలో మిద్దె మీద పైపైన చల్లిన పెంటికలు చెక్కముక్కల్లా ఎండిపోయి వారాల తరబడి అలాగే పడి ఉంటాయి, మొక్కకు ఏమీ అందదు. వానాకాలంలో వాటి మీద తెల్లటి బూజు కడితే కంగారు పడక్కర్లేదు, పీచు చివకడం మొదలైందని అర్థం.

ఆకుకూరలు, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ లాంటి వాటికి పచ్చి పెంటికలు వేయకపోవడమే మంచిది. ఏ జంతువు పెంటలోనైనా సాల్మొనెల్లా, ఈ.కోలి ఉండే అవకాశముంది. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం, తినే భాగం మట్టికి తగిలే పంటకైతే కోతకు కనీసం 120 రోజుల ముందు, మిగతా తిండి పంటలకు 90 రోజుల ముందు పచ్చి ఎరువు వేయడం ఆపాలి. కుందేలుకు అందులో మినహాయింపు లేదు. మాగిన కంపోస్టుకైతే ఈ గడువుతో పని లేదు.

గజ్జి పట్టిన కుందేళ్లకు ఐవర్‌మెక్టిన్ వేయడం మన దగ్గర మామూలే. ఆ మందు ఎక్కువగా పెంటలోనే బయటికొస్తుంది, పెంటను చివికించే పురుగులను దెబ్బతీస్తుంది. మందు వేసిన రోజుల్లోని పెంటికలను తోటకు వాడకుండా విడిగా పోయాలి.

మూత్రాన్ని కూడా కొందరు పట్టి వాడతారు. కెన్యాలో రైతులు దాన్ని నీటిలో కలిపి పంటల మీద చల్లుతారు. కుందేలు తనకు అక్కర్లేని సున్నాన్ని మూత్రంలోనే విసర్జిస్తుంది. గూళ్ల కింద కట్టే తెల్లటి పెచ్చు అదే. ఈ మూత్రం బాగా ఘాటైనది కాబట్టి కనీసం పదింతల నీళ్లు కలపాలి.

గూళ్లున్న చోటే ఎరువు తయారు చేయదలిస్తే వానపాములే మేలు. మూత్రం ఏటవాలుగా పక్కకు పారేలా చేసి, గూడు కింద గడ్డి, ఎండుటాకులు పరిచి, తడి చల్లి వానపాములను వదులుతారు. పైనుంచి రోజూ పెంటికలు రాలుతుంటే అవి కింద తింటూ పోతాయి. రెండు మూడు నెలలకు పైపొర పక్కకు జరిపి చూస్తే పెంటిక రూపమే కనిపించదు. టీ పొడిలాంటి నల్లటి, వానకు తడిసిన మట్టి వాసన వేసే ఎరువు చేతికొస్తుంది.