బిల్గ్రామ్: ఇంటిపేరుగా మిగిలిన పట్టణం

ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లాలో, కన్నౌజ్‌కు గంగ ఆవలి వైపున ఉన్న చిన్న పట్టణం బిల్గ్రామ్. రాజకీయ చరిత్రలో దీని ప్రస్తావన ఒకే ఒక్క రోజుకు పరిమితం. 1540 మే 17న షేర్ షా చేతిలో హుమాయూన్ ఓడి రాజ్యాన్ని కోల్పోయిన యుద్ధాన్ని కొందరు కన్నౌజ్ యుద్ధమనీ, కొందరు బిల్గ్రామ్ యుద్ధమనీ వ్యవహరిస్తారు. సాహిత్య చరిత్రల్లో దీని స్థితి మరింత విచిత్రం. ఈ ఊరి కవులను హిందీ శాఖ కొందరిని, పారసీక శాఖ కొందరిని, అరబ్బీ శాఖ మరికొందరిని పంచుకున్నాయి. ఒకే వీధుల్లో తిరిగినవారు మూడు చరిత్రల్లో అపరిచితులయ్యారు. భాషను బట్టి కాక ఊరిని బట్టి చదివినప్పుడే వారి కృషి స్వరూపం తెలుస్తుంది.

ఊరిపేరు ఇంటిపేరు కావడం తెలుగువారికి కొత్త కాదు. అయితే ‘బిల్గ్రామీ’ అన్నది ఊరు దాటినవారికే అక్కరకు వచ్చే పేరు. ఊళ్లో అందరూ బిల్గ్రామీలే కనుక అక్కడ ఆ పేరుతో ఎవరినీ గుర్తుపట్టలేం. ఆ పేరు ఇంత ప్రసిద్ధమైందంటే ఆ ఊరినుంచి వలస ఎంతగా సాగిందో ఊహించవచ్చు.

సయ్యద్ వంశీకులు ఇల్తుత్‌మిష్ కాలంలో ఇక్కడ స్థిరపడ్డారని వారి కుటుంబ సంప్రదాయం చెబుతుంది. మొగలుల కాలానికి ఇది పేరున్న ‘కస్బా’. కస్బా అంటే పల్లెకు పెద్దదీ, నగరానికి చిన్నదీ అయిన జనావాసం. అక్కడ ఒక సంత, ఒక ఖాజీ, కొన్ని విద్వత్కుటుంబాలు ఉండేవి. ఆ కుటుంబాలు ‘మదద్-ఎ-మాష్’ అనే పన్నులేని భూములపై ఆధారపడి బతికేవి. విద్యకు భూమే ఆలంబనమైన తీరులో కస్బా మన అగ్రహారాన్ని తలపిస్తుంది. కాని ఇక్కడి విద్యావంతులు పాఠం చెప్పడంతో ఆగక దూరప్రాంతాల్లో సర్కారు కొలువులూ చేశారు. అరబ్బీ, పారసీకాలతోపాటు తుర్కీ, హిందవీ భాషల్లోనూ కవిత్వం చెప్పిన మీర్ అబ్దుల్ జలీల్ సింధు ప్రాంతంలో వార్తాలేఖకుడుగా ఉద్యోగం చేశాడు.

ఈ బహుభాషా వ్యాసంగం అబ్దుల్ జలీల్ కంటే పాతది. మీర్ అబ్దుల్ వాహిద్ బిల్గ్రామీ 1566లో పారసీకంలో ‘హకాయిక్-ఎ-హిందీ’ రచించాడు. సూఫీ సమావేశాల్లో పాడే ద్రుపదాల్లో, విష్ణుపదాల్లో వచ్చే కృష్ణుడు, గోపికలు, యమున వంటి పదాలకు ఆధ్యాత్మికార్థాలు చెప్పే గ్రంథమిది. దీన్ని మతసామరస్య ప్రకటనగా మెచ్చుకోవడం పరిపాటి. గ్రంథ ప్రయోజనం అంతకంటే ఆచరణాత్మకమైనది. సభలో ఆ పాటలు అప్పటికే వినబడుతున్నాయి. వాటిని వినడం తగునా అన్న సందేహానికి వాహిద్ సమాధానం రాశాడు.

పద్దెనిమిదో శతాబ్దిలో ఈ సంప్రదాయం ఇద్దరు సమకాలికుల్లో రెండు దారులు పట్టింది. సయ్యద్ గులామ్ నబీ ‘రస్‌లీన్’ వ్రజభాషలో ‘అంగదర్పణ్’ (1737), ‘రసప్రబోధ్’ (1741) రచించాడు. రెండోది వెయ్యికి పైగా దోహాల్లో రస, నాయికాభేదాలను వివరించే లక్షణగ్రంథం. కంటిచూపును అమృతంతో, విషంతో, మద్యంతో పోల్చిన అతని దోహా చాలాకాలం బిహారీ పేరుతో చలామణి అయింది. కర్తృత్వం తారుమారు కావడం ఒక విధంగా ప్రశంసే.

అబ్దుల్ జలీల్ దౌహిత్రుడైన గులామ్ అలీ ‘ఆజాద్’ బిల్గ్రామీ (1704–1786) హజ్ యాత్ర ముగించుకొని ఔరంగాబాద్ చేరి దక్కనులోనే స్థిరపడ్డాడు. స్నేహితుడు షానవాజ్ ఖాన్ 1758లో హత్యకు గురైనప్పుడు చెల్లాచెదురైన ‘మఆసిరుల్ ఉమరా’ ప్రతిని వెదకి కూర్చినవాడు ఇతడే. అరబ్బీలో రాసిన ‘సుబ్‌హతుల్ మర్జాన్’లో భారతీయ అలంకారాలకు అరబ్బీ పేర్లు పెట్టి, స్వయంగా ఉదాహరణ పద్యాలు కట్టాడు. నాయికాభేదాన్ని అరబ్బీ పాఠకులకు పరిచయం చేశాడు. ఆ భాగాలనే ‘గిజ్లానుల్ హింద్’ పేరుతో పారసీకంలోకి తెచ్చాడు. అరబ్బీ కవిత్వంలో ప్రేమను పలికేది పురుషుడనీ, హిందవీలో స్త్రీ అనీ ఆయన గుర్తించిన భేదం తులనాత్మక కావ్యవిమర్శకు చక్కని నమూనా. బిల్గ్రామ్‌లో రస్‌లీన్ దోహాల్లో చెప్పిన విషయమే ఔరంగాబాద్‌లో ఆజాద్ చేతిలో అరబ్బీ శాస్త్రమైంది.

ఈ నాయికాభేద ప్రయాణంలో తెలుగుకూ చోటుంది. పదిహేడో శతాబ్దిలో గోల్కొండకు చెందిన అక్బర్ షా పేరున తెలుగులో వెలసిన ‘శృంగారమంజరి’ సంస్కృతంలోకీ, అక్కడినుంచి చింతామణి త్రిపాఠి ద్వారా వ్రజభాషలోకీ వెళ్లింది. ఆజాద్ దీన్ని చూశాడనడానికి ఆధారం చూపనక్కరలేదు. దక్కనుకూ గంగాతీరానికీ మధ్య ఈ శాస్త్రం నడిచే బాట ఆయనకు ముందే పడివుందని గ్రహిస్తే చాలు.

ఊరు మాత్రం అప్పటికే సన్నగిల్లింది. అవధ్ పాలకులైన బుర్హానుల్ ముల్క్, సఫ్దర్ జంగ్ విద్వత్కుటుంబాల మాన్యాలను జప్తు చేశారనీ, చదువు విడిచి ఆ వంశాల యువకులు కత్తి పట్టవలసి వచ్చిందనీ ఆజాద్ ‘మఆసిరుల్ కిరామ్’లో వాపోయాడు. ఇది నష్టపోయిన వర్గానికి చెందినవాడి సాక్ష్యం. ఆ భూములను దున్నిన రైతు గోడు ఇందులో లేదు. అయినా రస్‌లీన్ జీవితం ఈ మాటకు ఊతమిస్తుంది. అతడు సఫ్దర్ జంగ్ సైన్యంలో చేరి, 1750లో పఠాన్లతో జరిగిన పోరులో మరణించాడు.

మిగిలినవారు మరింత దూరం వెళ్లారు. 1732లో ఇక్కడ పుట్టిన ముర్తజా, యెమెన్‌లోని జబీద్‌లో చదివి, కైరోలో స్థిరపడి ‘తాజుల్ అరూస్’ అనే అరబ్బీ మహానిఘంటువును నిర్మించాడు. లోకం అతణ్ని ‘జబీదీ’గానే ఎరుగును. బిల్గ్రామ్ పేరు కూడా దక్కని బిల్గ్రామీ ఇతడు.

దీనికి విపర్యయం సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ. అతడు పుట్టింది బీహార్‌లోని గయలో. పూర్వికుల ఊరు పేరులో మాత్రం నిలిచింది. మొదటి సాలార్ జంగ్ కొలువులో హైదరాబాదు చేరి, విద్యాశాఖను నడిపి, ఇమాదుల్ ముల్క్ బిరుదు పొందాడు. 1907లో లండన్‌లోని ఇండియా కౌన్సిల్‌కు నియమితులైన తొలి ఇద్దరు భారతీయుల్లో అతడొకడు. 1891లో అతని పూనికతో వెలసిన ఆసఫియా గ్రంథాలయమే నేటి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. తెలుగు పరిశోధకులు తరతరాలుగా పాత పత్రికల సంపుటాలు తిరగేసింది అక్కడే.