కల్లం నుంచి గుడికి: దోర్నకల్ క్రైస్తవ రైతు జీవితం

దోర్నకల్ నేడు మహబూబాబాద్ జిల్లాలోని రైల్వే జంక్షన్. కాజీపేట–విజయవాడ మార్గం నుంచి సింగరేణి బొగ్గు గనుల వైపు పట్టాలు చీలేది ఇక్కడే. నిజాం పాలనలో ఇది వరంగల్ సుబాలోని చిన్న ఊరు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో దీని చుట్టూ ఉన్న పల్లెల్లో పెద్ద క్రైస్తవ సంఘం పెరిగింది. దాన్ని పోషించిన వారిలో ఎక్కువ మంది చిన్న రైతులు, కౌలుదార్లు, జీతగాళ్లు, కూలీలు.

ఈ సంఘానికి తొలి సాయం తిరునెల్వేలి తమిళ క్రైస్తవుల నుంచి అందింది. వారు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, విదేశీ డబ్బు మీద ఆధారపడకుండా దోర్నకల్ ప్రాంతానికి బోధకులను పంపారు. ఆ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తానే ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఎద్దుబండి మీద ఊరూరూ తిరిగారు.

సంఘంలో చేరిన వారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ఒక్కొక్కరుగా కాక ఇంటిల్లిపాదీ, చాలాచోట్ల వాడంతా కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో సొంత భూమి ఉన్నవారు తక్కువ. దొరల పొలాల్లో జీతానికి కుదరడం, వెట్టి చేయడం, గింజలు నాగుకు తెచ్చుకుని పంట చేతికి రాగానే వడ్డీతో కొలవడం నాటి బతుకు తీరు. అప్పు తీరేదాకా దొర దగ్గర పనిచేసే భగేలా పద్ధతి తరాల పాటు కుటుంబాలను కట్టిపడేసింది. దాన్ని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో ప్రత్యేక చట్టం తేవలసి వచ్చింది. సంఘానికి కానుకలిచ్చిన చేతులు ఇలాంటి బరువు మోస్తున్నవే.

పల్లెలో క్రైస్తవ రైతు దినచర్య పొలం చుట్టూనే తిరిగేది. పొద్దుగూకి పశువులు కొట్టం చేరాక, కూలికి వెళ్లిన ఆడవాళ్లు ఇల్లు చేరాక సాయంకాల ప్రార్థన జరిగేది. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఉపాధ్యాయుడే ప్రార్థన నడిపేవాడు. చదువు రాని పెద్దలు కీర్తనలు పాడి, బైబిల్ కథలు విని వాక్యం కంఠస్థం చేసేవారు. కోలాటం, భజన కూడా ఆరాధనలో చోటు చేసుకున్నాయి. అజరయ్య పల్లెకు పట్టిన శత్రువులుగా నాలుగింటిని ఎంచారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇంటిని శుభ్రంగా ఉంచడం, కల్లు మానడం, పిల్లలను బడికి పంపడం భక్తిలో భాగమయ్యాయి.

ఇవ్వడం ఈ జీవితానికి కేంద్రం. చేతిలో నాణెం లేకపోయినా ఇంట్లో గింజ ఉంటుంది. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు పిడికెడు తీసి పక్కన పెట్టి, పోగైన వాటిని ఆదివారం గుడికి తెచ్చేది. పంట నూర్చాక కోత పండుగ వచ్చేది. ధాన్యం, జొన్నలు, కూరగాయలు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్లు, మేకలు బలిపీఠం ముందుకు చేరేవి. తర్వాత వాటిని వేలం వేసేవారు. ఆ సొమ్ము ఉపాధ్యాయుడి జీతానికి, గుడి మరమ్మతుకు, పేదల సాయానికి వెళ్లేది. కానుకల విషయమై అజరయ్య ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. బీదవాడు కూడా ఇచ్చినప్పుడే సంఘం తనదవుతుందని ఆయన నమ్మిక.

దోర్నకల్ బయటి తెలుగు ప్రాంతాల్లో, కరువు కాలంలో మిషన్ పనులే రైతుకు ఆసరా అయిన సందర్భాలూ ఉన్నాయి. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. మెదక్‌లో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన చర్చి పని 1914లో మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠతో ముగిసింది. ఆ పదేళ్లలో కరువుబారిన పడిన కుటుంబాలకు అక్కడి పని తిండి పెట్టింది.

దోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ పొందింది. గుమ్మటాల్లో ముస్లిం కట్టడాల పోలిక, రాతి స్తంభాల్లో దక్షిణాది గుడుల తీరు, చెక్కడాల్లో తామర పువ్వు, అరటి మొగ్గ కనిపిస్తాయి. పొలంలో, చెరువులో రైతు రోజూ చూసేవే గుడి రాళ్ల మీదకు వచ్చాయి. అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడగా దోర్నకల్, మెదక్ అందులో అధ్యక్ష ఖండాలు (డయోసిస్‌లు) అయ్యాయి. భూమి చట్టాలూ మారాయి: 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. అదే ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేకుండా పోయింది. తర్వాత రాష్ట్రంలో వారిని బీసీ–సి వర్గంలో చేర్చారు. అంటరానితనం మాత్రం మతంతో పాటు మారలేదు. షెడ్యూల్డ్ కులాల హోదా పోయిన నష్టం ఈ రైతు కుటుంబాలను నేటికీ వెంటాడుతున్నది.

బోరు ఎండి, అప్పు పెరిగి, పిల్లల చదువుల కోసం తర్వాతి తరాల్లో చాలామంది ఊరు విడిచి హైదరాబాద్ చేరారు. బోరబండ, ఎర్రగడ్డ వంటి బస్తీలు పల్లెల నుంచి పనికి వచ్చిన కుటుంబాలకు నీడనిచ్చాయి. పొలం లేని నగర సంఘాల్లోనూ కోత పండుగ నిలిచింది. బజారులో కొన్న బియ్యం, పండ్లు, కూరగాయలు బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన ముగిశాక వేలం వేస్తారు.