హైదరాబాదు దూరదర్శన్ ప్రసార దినచర్య

హైదరాబాదు రామంతపూర్‌లోని దూరదర్శన్ కేంద్రం 1977 నుంచి తెలుగు ప్రేక్షకులకు అందించిన రోజువారీ కార్యక్రమాల వరుసనూ, ఆ వరుస కాలక్రమంలో మారిన తీరునూ ఈ వ్యాసం వివరిస్తుంది. 1990ల మొదట్లో కేబుల్ కనెక్షన్లు, 1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చేదాకా తెలుగునాట టీవీ అంటే దూరదర్శనే. ఆ రోజుల్లో ప్రసారాలు పొద్దుగూకే వేళ మొదలయ్యేవి. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో తెలుగు కార్యక్రమాలు ముగిసి ఢిల్లీ కార్యక్రమాలు అందుకొనేవి. తెలుగుకు దక్కిన ఈ రెండు మూడు గంటల చరిత్రే ప్రధానంగా హైదరాబాదు కేంద్రం చరిత్ర.

నేపథ్యం

దేశంలో తొలి టీవీ ప్రసారం 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా జరిగింది. 1965లో అక్కడ రోజువారీ ప్రసారాలు మొదలయ్యాయి. 1972లో బొంబాయికి, 1975లో కలకత్తా, మద్రాసు, లక్నో నగరాలకు టీవీ చేరింది. ఈ నగరాలన్నిటా టీవీ ముందు పట్నవాసుల ఇళ్లలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ముందు పల్లె చూసింది, తరువాత పట్నం చూసింది.

ఉపగ్రహ బోధన ప్రయోగం (1975–76)

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సరిగ్గా ఏడాదిపాటు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగాన్ని 'సైట్' అని పిలిచేవారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఇందుకోసం భారతదేశానికి అందుబాటులోకి తెచ్చింది. భూమి మీది ఏర్పాట్ల బాధ్యత ఇస్రోది, కార్యక్రమాల తయారీ ప్రధానంగా ఆకాశవాణి టెలివిజన్ విభాగానిది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలను ఎంపిక చేశారు. ప్రతి గ్రామంలో బడి దగ్గరో పంచాయతీ కార్యాలయం దగ్గరో ఒక టీవీ పెట్టె అమర్చారు. దానికి తోడుగా 3 మీటర్ల వ్యాసం గల, కోళ్ల గూళ్లకు వాడే తీగవలతో చేసిన గొడుగు లాంటి ఏంటెనా ఉండేది. పెట్టెలను తయారు చేసింది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే ఈసీఐఎల్. కరెంటు లేని కొన్ని ఊళ్లలో పెట్టెలు బ్యాటరీల మీద నడిచాయి.

కార్యక్రమాల తయారీకి ఢిల్లీ, కటక్, హైదరాబాదులలో మూడు కేంద్రాలు నెలకొల్పారు. తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యేవి. ఆ ఏడాది ప్రసార దినం రెండు ముక్కలుగా ఉండేది. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. ఉదయం భాగంలో 5 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం విజ్ఞానశాస్త్ర పాఠాలు, ఆటపాటలు, చేసి చూపే ప్రయోగాలు ఉండేవి. సాయంత్రం వ్యవసాయం, పశుపోషణ, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, జానపద కళల వంతు. నాలుగు భాషల వాళ్లు ఒకే ఉపగ్రహ సమయాన్ని పంచుకోవాల్సి రావడంతో తెలుగుకు దొరికింది కొద్దిసేపే. అందరికీ ఉమ్మడిగా అరగంట హిందీ కార్యక్రమం ఢిల్లీ నుంచి వచ్చేది. సెలవుల్లో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు టీవీ ద్వారా శిక్షణ ఇచ్చారు. రెండు విడతల్లో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 50 వేల మంది ఆ శిక్షణ పొందారు.

ఒప్పందం గడువు తీరగానే ఉపగ్రహం వెళ్లిపోయింది, పల్లెల్లో పెట్టెలు మూగబోయాయి. ఆ లోటు కొంతైనా తీర్చడానికి ప్రయోగ ప్రాంతాలకు దగ్గరగా ఆరు చోట్ల భూతల ట్రాన్స్‌మిటర్లు పెట్టాలని నిర్ణయించారు. జైపూర్, రాయ్‌పూర్, ముజఫర్‌పూర్, సంబల్‌పూర్, గుల్బర్గాలతోపాటు హైదరాబాదు ఆ జాబితాలో ఉంది. ఈ మధ్యలోనే, 1976 ఏప్రిల్ 1న, టెలివిజన్ విభాగం ఆకాశవాణి నుంచి విడిపోయి దూరదర్శన్ అయింది.

రామంతపూర్ కేంద్రం

హైదరాబాదు కేంద్రం నుంచి క్రమబద్ధమైన ప్రసారాలు 1977 అక్టోబరు 23న మొదలయ్యాయి. అదే ఏడాది జులైలో రాష్ట్రపతి పదవి చేపట్టిన నీలం సంజీవరెడ్డి వాటిని ప్రారంభించారు. పల్లె కోసం పుట్టిన కేంద్రం కనుక సాయంత్రపు తొలి వేళల్లో రైతులకు, స్త్రీలకు, పిల్లలకు చోటు తప్పకుండా ఉండేది. నగరంలో టీవీ కొన్నవారికి మాత్రం నాటకం, సంగీతం, సినిమా పాట మీదే ఆసక్తి. ఈ రెండు వర్గాలనూ ఒకే సాయంత్రంలో సర్దడం కేంద్రానికి ఎప్పుడూ ఉన్న చిక్కే.

తెలుగు వార్తలు

కేంద్రం మొదలైన ఆరేళ్లకు, 1983 నవంబరు 14న, తెలుగు టీవీలో తొలి వార్తా ప్రసారం వెలువడింది. చదివినవారు శాంతి స్వరూప్. ఆయన 1978లో కేంద్రంలో చేరారు. టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో పాఠాన్ని ముందే కంఠస్థం చేసి, కాగితం మీద చూపు తక్కువగా, ప్రేక్షకుడి మీద ఎక్కువగా నిలిపి చదివేవారు. దాదాపు పదేళ్లు అలాగే సాగింది. తొందరలేని గొంతు, పలుకులో స్పష్టత, ముఖంలో ప్రశాంతత ఆయన ప్రత్యేకతలు. ఒత్తులూ దీర్ఘాలూ చెక్కుచెదరని ఆయన ఉచ్చారణ తరువాతి వార్తా చదువరులకు ఒరవడి అయింది. రాత్రి 7 గంటలకు ఆయన తెరమీద కనబడటం గడియారం సరిచూసుకొనేంత నమ్మకమైన సంగతిగా మారింది. ఆయన భార్య రోజారాణి కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివారు. శాంతి స్వరూప్ నవలలూ రాశారు. వాటిలో 'రాతి మేఘం' భోపాల్ విషవాయు దుర్ఘటన నేపథ్యంగా సాగుతుంది. 2011లో పదవీ విరమణ చేసిన ఆయన 2024 ఏప్రిల్ 5న హైదరాబాదులో మరణించారు.

1980ల నడుమ ఒక సాయంత్రం

ప్రసారాలు మొదలుకాకముందు టీవీ పెడితే తెరనిండా చుక్కల వాన, గరగర శబ్దం. కాసేపటికి నిలువు చారల పరీక్షా చిత్రం వచ్చేది. తరువాత రెండు వంపులు ఒక గుండ్రటి బిందువు చుట్టూ తిరిగి కన్ను ఆకారంలో నిలిచే దూరదర్శన్ చిహ్నం, పండిట్ రవిశంకర్ కూర్చిన సంగీతం. ఈ చిహ్నాన్ని అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ విద్యార్థి దేవాశిస్ భట్టాచార్య రూపొందించారు. కింద 'సత్యం శివం సుందరం' అన్న మాటలుండేవి.

ఆపైన అనౌన్సర్ వచ్చి నమస్కరించి ఆ సాయంత్రపు కార్యక్రమాల వరుస చెప్పేవారు. ఒక కార్యక్రమానికీ మరొకదానికీ మధ్య కూడా వారే కనిపించేవారు. వేళకు ముందే ఏదైనా అయిపోతే పూల బొమ్మో కొండవాగు దృశ్యమో చూపి వాద్య సంగీతం వినిపించేవారు. ప్రసారం తెగిపోతే 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న అట్ట తెరమీదికి వచ్చేది. తెలుగు ఇళ్లలో ఆ వాక్యం సామెత స్థాయికి చేరింది.

మొదటి గంటలో పిల్లల కార్యక్రమం, స్త్రీల కార్యక్రమం, వ్యవసాయ కార్యక్రమం రోజు మార్చి రోజు సర్దుకొనేవి. వ్యవసాయ కార్యక్రమంలో పొలం గట్టు మీద నిలబడిన శాస్త్రవేత్త పురుగుమందు మోతాదు చెప్పడం, స్టూడియోలో రైతు సందేహాలకు అధికారి జవాబివ్వడం మామూలు దృశ్యాలు. హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాట, కూచిపూడి, కర్ణాటక సంగీత కచేరీ, ఉగాదికి కవి సమ్మేళనం క్రమం తప్పకుండా ఉండేవి. ఉర్దూ కార్యక్రమాలకూ చోటుండేది. హైదరాబాదు కేంద్రానికి అది సహజమైన బాధ్యత.

ఏడింటికి వార్తలు. వాటి వెనక నాటకమో, చర్చో, సీరియల్ భాగమో. ప్రేక్షకులు రాసిన ఉత్తరాలు చదివి సమాధానమిచ్చే 'జాబులు జవాబులు'కు ఆదరణ ఎక్కువ. విమర్శ కూడా చదివి వినిపించడం ఆ కార్యక్రమానికి గౌరవం తెచ్చింది. శుక్రవారం సాయంత్రం 'చిత్రలహరి'. అరగంటలో నాలుగైదు సినిమా పాటలు. వారమంతా ఎదురుచూసిన ఈ అరగంటలో కరెంటు పోవడం ఆ తరానికి తీరని దుఃఖం. శనివారం సాయంత్రం తెలుగు సినిమా. నడుమ వార్తల కోసం సినిమాను ఆపి, తరువాత కొనసాగించేవారు.

రాత్రి ఎనిమిదిన్నర దాటాక జాతీయ కార్యక్రమం. 1982 ఆగస్టు 15న మొదలైన ఈ ఏర్పాటుతో దేశంలోని కేంద్రాలన్నీ ఆ వేళకు ఢిల్లీకి కలిసేవి. రంగుల ప్రసారాలు కూడా ఆనాడే మొదలయ్యాయి. ఆ ఏడాది నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలు రంగుల టీవీ మీద మోజు పెంచాయి. హిందీ వార్తలు, సీరియల్, ఇంగ్లీషు వార్తలు, చివర శాస్త్రీయ సంగీతమో నృత్యమో. 1984 జులై 7న మొదలైన 'హమ్ లోగ్' వంటి సీరియళ్లను హిందీ అంతగా రానివాళ్లూ చూశారు. తెలుగిళ్లలో చాలామందికి హిందీ చెవిన పడింది బడిలోకంటే ఈ గంటలోనే ఎక్కువ.

ఆదివారం

వారంలో ఆరు రోజులు ఒక తీరు, ఆదివారం ఒక తీరు. రామానంద్ సాగర్ 'రామాయణ్' 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 వరకు ఆదివారం ఉదయం ప్రసారమైంది. బి.ఆర్. చోప్రా 'మహాభారత్' 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ 24న ముగిసింది. మాటలు హిందీవే అయినా కథ అందరిదీ కనుక భాష అడ్డురాలేదు. పెట్టెకు బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి కూర్చున్న ఇళ్లూ ఉన్నాయి. మధ్యాహ్నం బధిరుల కోసం సంజ్ఞలతో వార్తలు, ఆపైన ప్రాంతీయ భాషా చిత్రం. తెలుగు చిత్రం వంతు వచ్చేసరికి వారాలు గడిచేవి. సాయంత్రం హిందీ సినిమా.

చూసే తీరు

1980ల తొలిభాగంలో టీవీ ఉన్న ఇల్లు వీధికొకటి. ఈసీ, డయనోరా, సాలిడేర్, కెల్ట్రాన్ పెట్టెలు ఎక్కువగా కనిపించేవి. కొన్నిటికి చెక్క తలుపులు, తాళం కూడా ఉండేవి. నలుపు తెలుపు తెరకు ముందు నీలిరంగు ప్లాస్టిక్ అద్దం బిగించి కంటికి హాయి అనుకొనేవారు. వోల్టేజి నిలకడగా ఉండదు కనుక స్టెబిలైజర్ తప్పనిసరి. డాబా మీద ఒకరు ఏంటెనా తిప్పుతుంటే, గుమ్మంలో ఒకరు, టీవీ ముందు ఒకరు నిలబడి కబురు అందించడం నాటి సాధారణ సాయంకాలపు పని.

1984లో దూరదర్శన్ కొన్ని నెలలపాటు రోజుకొకటి చొప్పున దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పింది. జిల్లా పట్టణాలకు టీవీ చేరింది అప్పుడే. అయితే ఈ తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు ఉపగ్రహం ద్వారా ఢిల్లీ కార్యక్రమాలను అందుకొని ప్రసారం చేసేవి. అందువల్ల కొన్ని పట్టణాలకు టీవీ వచ్చినా తెలుగు వెంటనే రాలేదు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో బూస్టర్లు పెట్టి మద్రాసు కేంద్రం పట్టుకొని తమిళ పాటలు చూసినవారు ఎందరో.

ఉదయం, మధ్యాహ్నం

1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం విద్యార్థుల కోసం పగటిపూట ఇంగ్లీషు పాఠాలు మొదలుపెట్టింది. 1987 ఫిబ్రవరిలో ఉదయపు ప్రసారాలు, దశాబ్దం చివరికి మధ్యాహ్నపు ప్రసారాలు వచ్చాయి. ప్రసార దినం నిడివి పెరిగింది. పెరిగిన గంటల్లో చాలాభాగం ఢిల్లీ చేతిలోనే ఉండటంతో తెలుగు వాటా గంటల్లో కొద్దిగా పెరిగి, నిష్పత్తిలో తగ్గింది.

1995 తరువాత

1995 ఫిబ్రవరిలో జెమినీ, ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభమయ్యాయి. దూరదర్శన్‌కు ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందో బ్రహ్మ' వంటి హాస్య ధారావాహికలతో, యద్దనపూడి సులోచనారాణి కథతో మంజులా నాయుడు తీసిన 'ఋతురాగాలు'తో ఆదరణ కొంతకాలం నిలిచింది. తెలుగు ఉపగ్రహ చానల్ తరువాత సప్తగిరి అనే పేరు పొందింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత సప్తగిరి విజయవాడకు చేరగా, రామంతపూర్ కేంద్రం చానల్‌కు యాదగిరి అని పేరు పెట్టారు. ఇప్పుడు ప్రసారాలు ఇరవై నాలుగు గంటలూ సాగుతున్నాయి. అనౌన్సర్ వచ్చి సెలవు తీసుకొనే పద్ధతి లేదు.